ఏడిపించే సినిమా, ఈలలేయించే సినిమా

సినిమాకి కథ ఎవరైనా రాయొచ్చు. ఆ కథ చూసి జనం ఏడవాలా, నవ్వాలా, పళ్ళు కొరకాలా అన్నది మాత్రం దర్శకుడు తేలుస్తాడు. దీన్ని సినిమావాళ్ళు కళ అంటారు. మనం రాజకీయం అంటాం. తెరమీద మన బతుకు కనిపించినప్పుడల్లా, మనల్ని చూసి ఏమనుకోవాలో లోకానికి నేర్పేది అదే కనక.

ఒక కూలివాణ్ణి నడివీధిలో కొడుతున్నారనుకోండి. కెమెరా పైనుంచి చూసి, వెనకాల వయొలిన్ ఏడిస్తే జాలి పుడుతుంది. కొట్టేవాడి చెప్పుల దగ్గర్నుంచి చూస్తే భయం పుడుతుంది. దెబ్బలు తినేవాడు లేచి పదిమందిని గాల్లోకి ఎగరేస్తే ఈలలు పడతాయి. అరుగుమీద కూచుని చూస్తూ ఊరుకున్న పెద్దమనుషుల మొహాలమీద కెమెరా ఆగిపోయి, పాటా మాటా లేకుండా అరనిమిషం నిలబడితే? అప్పుడు హాల్లో కూచున్నవాడికి సిగ్గేస్తుంది. సంగతి ఒకటే. చూపు వేరు. ఆ చూపు ఎవరిది అన్నదే మన ప్రశ్న.

తెలుగు సినిమా మనకి మొదట ఇచ్చింది జాలి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' ఆ రోజులకి పెద్ద సాహసమే. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, కాంచనమాల కథానాయిక. బ్రాహ్మణ యువకుడు మాలపిల్లని ప్రేమించడం ఆనాటి తెరమీద చిన్న విషయం కాదు. ఆ గౌరవం ఆ సినిమాకి ఇవ్వాల్సిందే. అయితే శాస్త్రిగారి మనసు ఎప్పుడు మారింది? ఆయన భార్య మంటల్లో చిక్కుకున్నప్పుడు దళితుడు కాపాడాకే మారింది. అంటే మనం మనుషులమని రుజువు కావాలంటే నిప్పుల్లోకి దూకాలన్నమాట! గుడిలోకి రానివ్వమని అడిగేవాడు ముందు మంచివాడని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. జాలి చూపించే సినిమా ఎంత మంచి మనసుతో తీసినా దాని కథ ఇంతే. ఏడ్చేవాడు పైన ఉంటాడు, ఏడిపించేవాడు కింద ఉంటాడు. హాలు బయటికొచ్చాక ఎవరి వీధికి వాళ్ళు పోతారు.

ఇక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనకి ఇంకో అవమానం కూడా ఉంది. మన యాస తెరమీద వినపడిందంటే అది నవ్వుకోడానికే. ఇంట్లో పనివాడో, హోటల్లో కప్పులు కడిగేవాడో, బస్సెక్కడం తెలీని అమాయకుడో "ఏటి బాబూ" అన్నాడంటే హాలంతా నవ్వు. మన అమ్మలు శవం ముందు కూచుని ఏడ్చేదీ ఆ యాసలోనే. మన పిల్లల్ని జోకొట్టేదీ ఆ యాసలోనే. అందులో దుఃఖం ఉంటుందని, పౌరుషం ఉంటుందని ఏళ్ళ తరబడి సినిమావాళ్ళకి తోచలేదు.

అందుకే 2020 మార్చి 6న వచ్చిన 'పలాస 1978' మనకి ముఖ్యం. దర్శకుడు కరుణ కుమార్. తమ్మారెడ్డి భరద్వాజ సమర్పణ. రఘు కుంచె సంగీతం ఇచ్చి, షావుకారు వేషం కూడా కట్టారు. రెండు వారాలు తిరిగేసరికి కరోనాతో హాళ్ళు మూతపడ్డాయి. మనోళ్ళు చాలామంది తర్వాత ఫోన్లలోనే చూశారు. ఆటపాటలే బతుకుతెరువైన దళిత కుటుంబంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు, పలాస షావుకార్ల పోరులో చిక్కుకుని, గజ్జెలు కట్టిన కాళ్ళతోనే నెత్తుటి దారి పట్టడం ఆ కథ.

ఆ దర్శకుడు చేసిన పెద్ద పనేటంటే, జాలిని గుమ్మం దగ్గరే ఆపేశాడు. కథలోకి మనం వెళ్ళేది డప్పుల మోతతో, ఆటతో. అవమానం జరిగినప్పుడు వయొలిన్ బదులు మనిషి కళ్ళలో కోపం కనిపిస్తుంది. మన యాస పెట్టి నవ్వించడం లేదు. ప్రేమించడానికీ, తిట్టడానికీ, ఎదిరించడానికీ అదే యాస. సెబాస్టియన్ అనే దళిత పోలీసు అధికారిని పెట్టి, కత్తికి ఎదురుగా చట్టాన్నీ చదువునీ నిలబెట్టాడు. తెరమీద మన మనిషి తలెత్తి నిలబడ్డాడు. చూసిన కుర్రాళ్ళకి గుండె నిండిందంటే నిండదా మరి!

అయినా మన సినిమా కదా అని మాట దాచుకోకూడదు. కోపం నిజం. ఆ కోపానికి సినిమా చూపించే దారి ఎక్కువగా కత్తే. పోట్లాట వచ్చినప్పుడు ఈల వేసినవాడు పేట బాధకి వేశాడా, పోట్లాటకి వేశాడా? ఈ తేడా దర్శకుడి చేతుల్లో ఉంటుంది. మాస్ సినిమా తాళం ఒకసారి మొదలైతే మన కోపం కూడా ఇంకో హీరో కోపమైపోతుంది. పలాస అంటే జీడిపప్పు. జీడిపిక్కలు కొట్టి, ఆ జీడినూనెకి చేతులు పొక్కించుకునే ఆడకూలీల ఊరది. ఆ చేతుల్లో కూడా కోపం ఉంది. అది కత్తి పట్టదు, కూలిరేటు అడుగుతుంది. ఆ కోపానికి తెరమీద ఎంత చోటిస్తాం?

ఇదంతా సినిమా కబుర్ల కోసం రాయడం లేదు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని మనోళ్ళు సాగు చేసుకోవడమే నేరమైంది. చంపినవాళ్ళు ఎక్కడినుంచో జీపుల్లో దిగిన దొరలు కాదు. అదే ఊరివాళ్ళు. ఆ ఊళ్ళో ఆధిపత్యం వాళ్ళదే, సర్కారు లెక్కలో మాత్రం బీసీలు. మీసాలు మెలేసే విలనూ లేడు, ఎగిరి తన్నే హీరో లేడు. రేపు ఎవరో ఒక దర్శకుడు లక్ష్మీపేట కథ తీస్తానని వస్తాడు. ఏ భావంతో తీస్తాడు? జాలితో తీస్తే అయిదు శవాలూ ఒక ఏడుపుపాటా మిగులుతాయి. పగతో తీస్తే చివర్లో ఒకడు వచ్చి అందరినీ నరికేస్తాడు, భూమి సంగతి గాలికిపోతుంది. 1978లో జరిగిందనో, ఏ పాతకాలమో అనో జనం చేతులు దులుపుకుంటారు. ఆ భూమి ఎవరికి చెందాలి అన్న ప్రశ్న ప్రేక్షకుడి వెంట ఇంటిదాకా రావాలంటే మూడో దారి ఒకటి వెతకాలి.

పక్క రాష్ట్రాల్లో కొందరు వెతికారు. మరాఠీలో నాగరాజ్ మంజులే తీసిన 'ఫాండ్రీ' 2013 నాటిది. పందుల్ని పట్టే కుటుంబంలోని పిల్లాడు అవమానాలన్నీ మింగి మింగి చివరికి ఒక రాయి విసురుతాడు. ఆ రాయి సూటిగా కెమెరా మీదికి, అంటే చూసేవాడి మొహమ్మీదికే వస్తుంది. ఈల వేయడానికి చోటు లేదక్కడ. 2018లో తమిళంలో మారి సెల్వరాజ్ తీసిన 'పరియేరుం పెరుమాళ్' ఇంకో రకం. లా చదివే దళిత కుర్రాడు చావు తప్పించుకుని, తనని చంపించాలనుకున్న కులం పెద్దమనిషితోనే మాట్లాడతాడు. ఆఖర్న రెండు టీ గ్లాసులు, మధ్యలో ఒక పువ్వు. అంతే! రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన ప్రతి పేటకీ ఆ చిత్రం అర్థమవుతుంది. కేకల్లేని ఆ నిదానం వెనక ఎంత కోపముందో కూడా అర్థమవుతుంది.

మనకి వేరే చోటికి పోయి నేర్చుకోవాల్సిన అవసరమూ లేదు. మన జముకుల కథలో కథకుడు ఏడిపిస్తూ ఉంటే పక్కనున్న వంత నవ్విస్తాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే గుండెల్లో ముల్లు దిగుతుంది. పలాస దగ్గరి బొడ్డపాడు నుంచి సుబ్బారావు పాణిగ్రాహి ఆ కళనే పోరాటానికి వాడి 1969లో ప్రాణమిచ్చాడు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టులో పోయేదాకా పాటలో వెటకారాన్నీ మంటనీ కలిపే నడిపించాడు. జాలి అడుక్కోకుండా, కత్తి తిప్పకుండా ఎదటివాణ్ణి తలదించుకునేలా చెయ్యడం మన తాతలకి తెలుసు. ఆ విద్య తెరమీదికి ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

కనక సోదరులారా, ఈసారి పేటలో మన కథ ఉన్న సినిమా చూసినప్పుడు వెంటనే లేచిపోకండి. పది నిమిషాలు కూచుని మాట్లాడుకోండి. మన మనిషి ఏడుస్తున్నప్పుడు కెమెరా ఎక్కడుంది? నవ్వు ఎవరిమీద పుట్టింది? భూమి, కూలి, చదువు అన్న మాటలు ఆఖరిదాకా ఉన్నాయా, మధ్యలో ఎక్కడో జారిపోయాయా? ఆడవాళ్ళు నోరు తెరిచారా, ఊరికే చచ్చిపోయారా? సెల్‌ఫోనుతో చిన్న సినిమాలు తీస్తున్న మన కుర్రాళ్ళని కూడా ఇవే అడగండి. వాళ్ళ చేతిలో ఉన్నది ఫోనే కావచ్చు, చూపు మాత్రం మనది కావాలి.

మన బతుకు చూసి లోకం కన్నీళ్ళు పెట్టుకుంటే మనకి ఒరిగేది లేదు. ఈలలు వేస్తే అంతకన్నా లేదు. చూసినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టకపోతే, పొద్దున్న లేచి మనతో సమానంగా కూచుని మాట్లాడాలనిపిస్తే, అప్పుడు అది మన సినిమా.