సెల్లు మీద సోల్డరింగ్ పెట్టొద్దు, పెట్టనియ్యొద్దు



ఈసారి పురుగుమందు గురించి కాదు, మందు కొట్టే పంపులో ఉండే బ్యాటరీ గురించి రాస్తున్న. పోస్టు కొంచెం పొడుగైంది. ఇంట్లో చిన్నపిల్లలు, ముసలోళ్లు ఉన్నోళ్లు మాత్రం ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఏ ఊరికి పోయినా ఇప్పుడు బ్యాటరీ పంపులే. అడవి అంచున చేన్లు ఉన్నోళ్లకు పందుల కోసం జట్కా మిషన్, మక్క చేను కావలికి పెద్ద టార్చిలైటు. అన్నిటికీ ప్రాణం బ్యాటరీయే. పంపుతో వచ్చిన 12 వోల్టుల సీసం బ్యాటరీ దిగిపోతే కొత్తది కొనే బదులు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి లిథియం సెల్లులు తీసి ఇంట్లోనే ప్యాక్ కట్టుకుంటున్నరు మన పిలగాండ్లు. వీపు మీద బరువు తగ్గుతది, ఎక్కువ ట్యాంకులు కొడ్తది. దాన్ని నేను తప్పు పట్టను. రైతు తన సామాను తాను బాగు చేసుకోవాల్సిందే.

నా అభ్యంతరం ఒక్కటే. సెల్లు మొఖం మీద నేరుగా సోల్డరింగ్ పెట్టి వైర్లు అతికిస్తున్నరు. కొన్ని రిపేరు దుకాణాల్లో కూడా ఇదే పని. ఇది బంద్ కావాలె.

ఎందుకో చెప్తా. మనం వాడే సెల్లును 18650 అంటరు. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. లోపల రెండు సన్నటి రేకులు, వాటి మధ్యల వెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొర. అన్నీ కలిపి చాప చుట్టినట్టు చుట్టి డబ్బాలో పెడ్తరు. ఆ రెండు రేకులు ఒకదానికొకటి తగలకుండా ఆపేది ఆ పొర ఒక్కటే. అది సుమారు 130 డిగ్రీల దగ్గర మెత్తబడి కరుగుడు మొదలైతది. సోల్డరింగ్ తీగ కరగాలంటేనే 180 డిగ్రీలు దాటాలె. గన్ను మొన 350 దాకా ఉంటది.

ఇంకో సంగతి. సెల్లు డబ్బా ఇనుముది. గన్ను పెట్టంగనే వేడినంతా అది గుంజుకుంటది, సోల్డర్ అంటుకోదు. అంటుకోకపోతే మనోడు ఏం చేస్తడు? ఇంకా సేపు ఒత్తి పడ్తడు. ఆ వేడంతా పోయేది లోపలికే. మైనస్ దిక్కు అడుగు రేకు వెనకాలనే చుట్ట ఉంటది. ప్లస్ దిక్కు మూతలో ప్లాస్టిక్ వాషరు, గ్యాసు ఎక్కువైతే తెరుచుకునే వాల్వు ఉంటయి. అవి పాడైతే బయటికి కనపడదు.

అసలు మోసం ఇక్కడనే ఉంది. సోల్డరింగ్ పెట్టిన రోజు ప్యాకు మంచిగనే నడుస్తది. మీటరు పెడితే వోల్టేజీ సరిగనే చూపిస్తది. నెల రోజులకో, సీజను మధ్యలోనో ఒక సెల్లు దిగిపోతది. అదృష్టం బాగుంటే అంతటితోనే పోతది. బాగలేకపోతే రాత్రి చార్జింగ్‌లో ఉన్నప్పుడు వేడెక్కుతది.

2022 ఏప్రిల్‌ల మన పక్కనే నిజామాబాద్‌ల ఇంట్లో రాత్రి చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దమనిషి ప్రాణం పోయింది. అదే ఏడు సెప్టెంబర్‌ల సికింద్రాబాద్‌ల కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న బిల్డింగు అంటుకొని 8 మంది చనిపోయిన్రు. ఇవి సోల్డరింగ్ వల్ల అయినయని నేను అనడం లేదు. అవి ఇంట్లో కట్టిన ప్యాకులు కూడా కావు. లిథియం మంట ఒకసారి లేస్తే ఎంత దూరం పోతదో యాది చేస్తున్న, అంతే. మన పంపు చార్జింగ్ పెట్టేది ఎక్కడ? పత్తి బస్తాల పక్కన, మంచం కింద, కొట్టంల గడ్డి దగ్గర.

"యూట్యూబ్‌ల అందరూ చేస్తున్నరు కదా" అంటరు కొందరు. చెయ్యి తిరిగినోడు, ఎక్కువ వాట్ల గన్నుతో ఒకటి రెండు సెకండ్లల్ల ముగిస్తే సెల్లు బతకొచ్చు. కాని బతికిందో లేదో వీడియో తీసినోనికీ తెల్వది, చూసినోనికీ తెల్వది. "సీసం బ్యాటరీకి పెడితే ఏం కాలేదు" అంటరు ఇంకొందరు. దానికి బయటికి లావుపాటి పిన్ను ఉంటది, వేడి అక్కడనే ఆగుతది. లిథియం సెల్లుకు ఆ పిన్ను లేదు.

మరి ఎట్ల కలపాలె? కంపెనీలు చేసినట్టే, స్పాట్ వెల్డింగ్. సెల్లు మీద నికెల్ పట్టీ పెట్టి, రెండు మొనలతో ఒత్తి, సెకండ్ల వెయ్యో వంతుల్లో లెక్కబెట్టేంత సేపు మాత్రమే పెద్ద కరెంటు పంపుతది మిషను. చుక్కంత జాగ మాత్రమే కరిగి అతుక్కుంటది, వేడి లోపలికి పోయే టైమే ఉండదు. ముందు చచ్చిన సెల్లు మీద చేసి చూడాలె. పట్టీని కటింగ్ ప్లేయర్‌తో గుంజితే పట్టీ చినగాలె గాని అతుకు ఊడొద్దు. వైర్లకు సోల్డరింగ్ కావాలంటే, పట్టీని సెల్లుకు అతికించక ముందే పట్టీ కొసన పెట్టుకోవాలె.

పట్టీలో కూడా మోసం ఉంది. ఇనుముకు నికెల్ పూత పూసి అమ్ముతున్నరు. అయస్కాంతానికి రెండూ అంటుకుంటయి, దాంతో తెల్వది. పట్టీని గీరి ఒక రోజు ఉప్పునీళ్లల్ల వెయ్యండి. తుప్పు పడితే ఇనుమే. మందు నీళ్లు కారే పంపులో అది ఎన్ని రోజులు ఉంటదో మీరే ఆలోచించండి.

స్పాట్ వెల్డింగ్ ఒక్కటి చేస్తే సరిపోదు, ఇవి కూడా చూసుకోండి:

1. ప్లస్‌కు ప్లస్ కలిపే ముందు సెల్లుల వోల్టేజీ అన్నీ ఒక్క తీరు ఉండాలె. తేడా ఉంటే నిండినది ఖాళీదాని మీదికి ఒక్కసారే కరెంటు దొబ్బుతది. పాతది, కొత్తది కలపొద్దు. 2 వోల్టుల కిందికి పడిపోయి ఎన్నో రోజులుగా ఉన్న సెల్లును బతికియ్యాలని చూడొద్దు.

2. సెల్లు ఒళ్లంతా మైనస్సే, ప్లస్ చుట్టున్న అంచు కూడా. పట్టీ కింద ఇన్సులేషన్ కాగితం రింగు తప్పనిసరి.

3. బీఎంఎస్ బోర్డు, ఫ్యూజు లేకుండా ప్యాకు కట్టొద్దు. ఏ ఒక్క సెల్లు హద్దు దాటినా ఆపేది ఆ బోర్డే.

4. పంపుతో వచ్చిన సీసం బ్యాటరీ చార్జరు పెట్టనే పెట్టొద్దు. ల్యాప్‌టాప్ సెల్లు ఒక్కోటి 4.2 వోల్టులు, మూడు వరుసగా కలిపితే 12.6. అది 14 వోల్టుల పైకి ఎక్కిచ్చే చార్జరు. 12.6 వోల్టుల లిథియం చార్జరే కొనండి.

5. చార్జింగ్ పగలు పెట్టండి, మనిషి కంటికి కనపడేటట్టు, బండ మీదనో ఇటుకల మీదనో. గడ్డి, పత్తి, మంచం దగ్గర వద్దు.

ఇప్పుడు అసలు మాట. పిలగాండ్లు సోల్డరింగ్ పెట్టేది మొండితనంతో కాదు, ఊర్ల స్పాట్ వెల్డింగ్ మిషను లేక. చిన్న మిషన్లు తైవాన్ పంపు కంటే తక్కువకే వస్తున్నయి. పది మంది కలిసి బోరు మోటరు దించుకుంటం, ట్రాక్టరు కిరాయికి మాట్లాడుకుంటం. గట్లనే రైతు సంఘం తరఫునో, నలుగురు కలిసో ఊరికొక మిషను ఎందుకు కొనొద్దు? ఎలక్ట్రికల్ ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న పిలగాడు ప్రతి ఊర్ల ఉన్నడు. వానికి అప్పజెప్తే నాలుగు రూపాయలు వస్తయి, మనకు భయం పోతది.

దుకాణానికి పోయినప్పుడు ఒక్క మాట అడగండి: "అన్నా, స్పాట్ వెల్డింగేనా, సోల్డరింగా?" సోల్డరింగ్ అంటే వాపస్ తీసుకొని రండి. పది మంది వాపస్ వస్తే పదకొండో రోజు ఆయనే మిషను తెస్తడు.

మీ ఊర్ల ఈ మిషను ఎవరి దగ్గరన్నా ఉంటే ఊరి పేరు, దుకాణం ఎక్కడుందో కామెంట్ల రాయండి, పక్క ఊరోళ్లకు పనికొస్తది. ఇప్పటికే సోల్డరింగ్ పెట్టిన ప్యాకు ఇంట్లో ఉంటే ఈ రాత్రి నుంచే దాన్ని ఇంట్లో చార్జింగ్ పెట్టకండి.