లాగిన్ అయితే చదివినట్టేనా?

మన డిగ్రీ కాలేజీల్లో ఆన్‌లైన్ చదువు సంగతి తేల్చడానికి కమిటీలు అక్కర్లేదు. ఒక్క ప్రశ్న వేసి చూడండి: ఈ కోర్సు పూర్తిచేసిన పిల్లకి నిన్నటిదాకా రానిది ఇవాళ ఏం వచ్చింది? పై ఆఫీసు నుంచి కింది క్లాసు దాకా ఎవరూ నోరు విప్పరు. ఎంతమంది రిజిస్టరయ్యారు, ఎంతమందికి సర్టిఫికెట్ వచ్చింది అని అడగండి, గడగడా చెబుతారు. దీనికి మూల్యాంకనం అని పేరు పెట్టుకున్నారు. నా లెక్కలో ఇది హాజరుపట్టీ.

2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడ్‌ఎక్స్‌తో ఒప్పందం చేసుకుంది. రెండు వేలకు పైగా కోర్సులు, హార్వర్డ్, ఎంఐటీ పేర్లు, మా నరసాపురంలో కూర్చునే హార్వర్డ్ చదువు. ఫ్లెక్సీ మీద బాగానే ఉంటుంది. ఆ ఎడ్‌ఎక్స్‌ను 2021లో 80 కోట్ల డాలర్లు పోసి కొన్న టూయూ కంపెనీ, మన సంతకాల సిరా ఆరీ ఆరకముందే, అదే ఏడాది జూలైలో అమెరికా కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. అప్పులు సర్దుకుని బయటపడింది, కోర్సులు ఆగలేదు, సరే. కంపెనీ కష్టాలు కంపెనీవి. నా గొడవ దాని గురించి కాదు. ఆ ఒప్పందం నాటికే ఇలాంటి కోర్సుల జాతకం పన్నెండేళ్లుగా బయట ఉంది. దాన్ని మన పెద్దలు ఒక్కసారైనా తిరగేశారా అన్నదే నా గొడవ.

2012లో ఎంఐటీ పెట్టిన మొదటి ఆన్‌లైన్ కోర్సు సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్ మీద. చేరినవాళ్లు 1,54,763 మంది. గట్టెక్కినవాళ్లు 7,157. నూటికి ఐదుగురు కూడా లేరు. పోనీ తర్వాత బాగుపడిందా? ఎంఐటీ, హార్వర్డ్ కోర్సుల ఆరేళ్ల లెక్కలు తీసి 2019లో ‘సైన్స్’ పత్రికలో వేశారు. 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది 3.13 శాతం. ‘చాలామంది చూసిపోవడానికి వస్తారు, అందర్నీ లెక్కలోకి తీసుకోకూడదు’ అని వాటిని సమర్థించేవాళ్లు అంటారు. ఊరికే వచ్చేవాళ్ల విషయంలో అది న్యాయమే. మన పిల్లలు చూసిపోవడానికి వెళ్లడం లేదు. క్రెడిట్లు అని, టార్గెట్ అని మనం తోస్తే వెళ్తున్నారు.

తోస్తే ఏం జరుగుతుందో కూడా రాసే ఉంది. ఒక దొంగ ఖాతాతో జవాబులు లాగి, అసలు ఖాతాలో కొట్టి సర్టిఫికెట్లు తెచ్చుకునే పద్ధతిని అదే హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు 2015లో పట్టుకున్నారు. ఇరవై, అంతకు మించి సర్టిఫికెట్లు సంపాదించినవాళ్లలో నూటికి పాతికమంది ఈ దారి తొక్కినవాళ్లేనట! మరి మనం దండలు వేసి ఫొటోలు తీస్తున్నది ఎవరికి? మా ఊళ్లో లేసు కొనే ఏజెంటు కూడా అల్లిక ముక్కను వెలుగులో పెట్టి చూసి, కుట్టు తప్పితే వెనక్కిచ్చేస్తాడు. చదువు విషయంలో ఆపాటి పరీక్ష కూడా మనకు బరువైపోయింది.

ఇంతకీ ఈ పథకాలు ఎవరి కోసం? నరసాపురం కాలేజీలకు వచ్చే పిల్లల్లో లేసు అల్లే అమ్మల కూతుళ్లున్నారు, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే నాన్నల కొడుకులున్నారు. సఖినేటిపల్లి నుంచి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి వచ్చేవాళ్లున్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో చెరువు గట్టుకి పోతే, ఇక్కడ కోర్సు గడువు ఆగుతుందా? 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అన్నారు. తెలుగులో ఇంటర్ చదివొచ్చిన పిల్ల అమెరికా ప్రొఫెసర్ ఉచ్చారణను ఏ ఆసరాతో పట్టుకుంటుంది? 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు రేగి ఇళ్లు తగలబడ్డాక ఏటి అవతల కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. నెట్ ఆపిందీ ప్రభుత్వమే, నెట్‌లో చదవమన్నదీ ప్రభుత్వమే. ఏటి అవతలి పిల్ల ఆ రోజుల్లో ఏం చెయ్యాలో ఏ ప్రణాళికలో రాశారు?

ఆన్‌లైన్ వద్దని నేను అనడం లేదు. ఐఐటీల ఎన్‌పీటెల్‌లో వారం వారం అసైన్‌మెంట్లకి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి ఎదురుగా కూర్చుని రాసే పరీక్షకి 75. అందుకే ఆ కాగితానికి కాస్త విలువ. అంతకన్నా పెద్ద పాఠం మన ఇంట్లోనే ఉంది. 1982 ఆగస్టులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది, తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి. ఇవాళ దాని పేరు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ లేనివాళ్లకి అర్హత పరీక్ష పెట్టారు, తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించారు, రేడియోలో పాఠాలు చెప్పించారు, ఊరి కాలేజీల్లో స్టడీ సెంటర్లు తెరిచి ఆదివారాలు మనిషిని కూర్చోబెట్టారు. ముందు విద్యార్థి ఎవరో చూశారు, తర్వాత సాధనం వెతికారు. మనవాళ్లు యాప్ ముందు కొన్నారు. దానికి సరిపడే విద్యార్థిని ఇప్పుడు వెతుకుతున్నారు.

ఈ మధ్యలో అందరికంటే నలిగిపోతున్నది లెక్చరర్. ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలిసిన ఒకే ఒక్క మనిషి. కోర్సు ఎంపికలో ఆ మనిషిని అడగరు, టైంటేబుల్‌లో ఆ కోర్సుకి ఒక పీరియడ్ ఇవ్వరు. చివర్లో మాత్రం ఎక్సెల్ షీటు నింపమంటారు.

2021 నుంచి యూజీసీ ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ మీద చదువుకోనిస్తోంది. అంటే డిగ్రీలో దగ్గర దగ్గర సగం. అంత వాటా అప్పగించేటప్పుడు కాలేజీ కౌన్సిళ్లు, నన్నయ విశ్వవిద్యాలయం పెద్దలు కనీసం ఇవి పట్టుబట్టి అడగాలి. కోర్సుకి ముందు ఒక చిన్న పరీక్ష, తర్వాత అలాంటిదే మరొకటి, రెండింటి తేడా నోటీసు బోర్డు మీద. ప్రతి కోర్సుకీ తెలుగులో సందేహం తీర్చే ఒక లెక్చరర్, ఆ పనికి టైంటేబుల్‌లో గంట. మన గదిలో, మన కళ్లెదుట ఒక మౌఖిక పరీక్ష. మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య, చేరినవాళ్ల సంఖ్య పక్కనే. ఇవి చేయలేని కోర్సుకి క్రెడిట్లు ఇవ్వకండి, దాని మీద సంతకం పెట్టకండి.