గడప దాటగలిగే ఇల్లు

కొత్త ఇల్లు కట్టుకునేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. పిట్టగోడ లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిదే. గృహప్రవేశ ప్రార్థనల్లో ఈ మాట మనకు అరుదుగా గుర్తొస్తుంది. ఇంట్లో ఉండేవాళ్లు పడిపోకుండా కట్టడం కూడా భక్తిలో భాగమేనని దేవుడు మోషే కాలంలోనే చెప్పాడు.

1992 వరకు ఒకే జిల్లాగా ఉన్న కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో ఇళ్లు దర్శించినప్పుడు ఈ ఆజ్ఞే మా మనసులో మెదులుతుంది. పక్కా ఇల్లు ఉంటుంది. కానీ ఎత్తయిన పునాది, పట్టుకోవడానికి ఏమీ లేని మూడు మెట్లు, వాలులో ఎక్కడో మరుగుదొడ్డి. పిల్లలు కూలికి దూర ప్రాంతాలకు వెళ్లిపోయారు. వానాకాలం వస్తే చేతికర్ర పట్టుకున్న అవ్వ అరుగు దిగదు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. దీన్ని మనం ముసలితనం అని సరిపెట్టుకుంటాం. నిజానికి ఇది ఇల్లు చేసిన అన్యాయం.

2023లో పక్కనే ఉన్న నవరంగపూర్ జిల్లాలో ఒక వృద్ధురాలు విరిగిన కుర్చీని ఊతంగా చేసుకుని పింఛను కోసం బ్యాంకుకు నడిచిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఆ దారి గురించి అందరూ మాట్లాడారు. అలాంటివాళ్లు బయలుదేరే గడప గురించి కూడా మాట్లాడాలి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో కనీసం 25 చదరపు మీటర్ల ఇంటికి మైదాన ప్రాంతాల్లో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు ఇవ్వాలని 2016లో నిర్ణయించారు. డబ్బు విడతలుగా వస్తుంది, ఇల్లు లబ్ధిదారే కట్టుకోవాలి. ఒంటరి వృద్ధురాలు ఇటుకలు, సిమెంటు, మేస్త్రీ ఎక్కడ చూసుకుంటుంది? ఆ పథకం నిబంధనల్లోనే దీనికి జవాబుంది. వయసు మళ్లినవారు, వికలాంగులు సొంతంగా కట్టుకోలేకపోతే ఆ ఇళ్లను తాపీ మేస్త్రీల శిక్షణలో భాగంగా కట్టాలి, లేదా గ్రామ పంచాయతీ ద్వారా సాయం అందించాలి. ఇది అడిగి తీసుకోవలసిన హక్కు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఉన్న ఇల్లు పోగొట్టుకున్న పెద్దలూ ఉన్నారు. మమ్మల్ని చూసుకుంటారన్న షరతుతో ఇల్లు పిల్లల పేరిట రాసిచ్చాక వాళ్లు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద కోరవచ్చు. అర్జీ సబ్‌డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు పెట్టాలి. కోరాపుట్ జిల్లాలో కోరాపుట్, జయపురం, రాయగడ జిల్లాలో రాయగడ, గుణుపురం సబ్‌డివిజన్లు. పోషణ కోసమైతే, పెద్దలు స్వయంగా రాలేకపోయినా వాళ్లు అనుమతించిన వ్యక్తి గాని, సంస్థ గాని అర్జీ పెట్టవచ్చు.

ఆ సంస్థ మన సంఘం ఎందుకు కాకూడదు?

ముందు మనల్ని మనం చూసుకుందాం. మందిరానికి పాలరాయి మెట్లు వేయించడానికి చందాలు పోగుచేస్తాం. ఆ మెట్లెక్కలేక ఆరాధన మానేసిన పెద్దలను లెక్కపెట్టం. దేవునికి అర్పించామన్న సాకుతో తల్లిదండ్రులను ఆదుకోనివారిని యేసు ప్రభువు మార్కు సువార్త 7వ అధ్యాయంలో గద్దించాడు. ఆ గద్దింపు మనకు కూడా వర్తిస్తుంది.

యౌవనస్తులారా, మీకు ఒడియా చదవడం, రాయడం వచ్చు. మీ సంఘంలో అరవై దాటిన ప్రతి ఇంటికీ వెళ్లండి. ఇల్లు ఎవరి పేరున ఉంది, పింఛను వస్తోందా, మరుగుదొడ్డికి చేరగలుగుతున్నారా అని అడిగి రాసుకోండి. అర్జీలు రాసిపెట్టి గ్రామసభలో వాళ్ల పక్కన నిలబడండి. ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేత చేయిద్దాం. ఒక వెదురు పట్టె, నాలుగు బస్తాల సిమెంటుతో వాలు దారి, మంచం పక్కన ఒక దీపం మాత్రం ఈ శనివారమే మనం ఏర్పాటు చేయవచ్చు.

మన కాలానికి పిట్టగోడ అంటే అదే.