చిన్న పూస... పెద్ద చూపు!

పొద్దున్నే మిరపచేలోకి వెళ్తే ఆకుల మీద మంచుబొట్లు మెరుస్తుంటాయి. ఒక బొట్టులోంచి ఆకును చూడండి. కింద ఉన్న ఈనె మామూలుకన్నా లావుగా కనిపిస్తుంది. గుండ్రటి నీటిచుక్క భూతద్దంలా పనిచేస్తుంది మరి! ఇంచుమించు ఇదే కిటుకుతో, నీటిబొట్టుకు బదులు కంటికి ఆనని గాజుపూసను పెట్టి, మామూలు మైక్రోస్కోపుకు అందనివాటిని కూడా చూస్తున్నారు శాస్త్రవేత్తలు.

పూసలాంటి కటకంతో చూడటం కొత్తేమీ కాదు. ఆ విద్యలో పేరు తెచ్చుకున్నాయన ఓ బట్టల వ్యాపారి. నేతకు పేరున్న చీరాల, పక్కనే ఉన్న వాడరేవు వాళ్లకు ఈ సంగతి మరింత నచ్చుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌కు చెందిన ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ కాలంలో బట్ట నాణ్యత చూడటానికి, పోగులు లెక్కపెట్టడానికి వ్యాపారులు భూతద్దాలు వాడేవారు. ఆయన అంతటితో ఆగలేదు. చిట్టి కటకాలు సొంతంగా తయారుచేసుకుని, నీటిచుక్కలో కదిలే బ్యాక్టీరియాను చూసి, 1676లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

ఆ తర్వాత మైక్రోస్కోపులు ఎంతో మెరుగయ్యాయి. కానీ ఓ గోడ అడ్డొచ్చింది. వెలుగు ఒక అల. ఆ అల పొడవులో దాదాపు సగంకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే మచ్చలా కలిసిపోతాయని 1873లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బె తేల్చాడు. అంటే సుమారు 200 నానోమీటర్లు. మిల్లీమీటరును 10 లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు!

2011లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం, సింగపూర్ పరిశోధకులు కలిసి ఆ గోడ దాటామన్నారు. 2 నుంచి 9 మైక్రాన్ల సిలికా పూసల్ని వస్తువు మీదే పరచి, మామూలు తెల్లని వెలుగులో 50 నానోమీటర్ల వివరాలు చూశామని ప్రకటించారు. వస్తువు ఉపరితలానికి అంటిపెట్టుకుని, కాస్త దూరం వెళ్లగానే ఆరిపోయే వెలుగు ఒకటుంటుంది. సన్నటి వివరాలన్నీ దాంట్లోనే ఉంటాయి. పూస తాకుతూ ఉంటుంది కాబట్టి, ఆరిపోకముందే ఆ వెలుగును పట్టి పైనున్న కటకానికి అందిస్తుందని వాళ్ల వివరణ. అయితే పూస చేసేది సరిగ్గా ఇదేనా, 50 అన్న లెక్క ఎంతవరకు నిలుస్తుంది అన్నదానిపై శాస్త్రవేత్తల్లో వాదనలున్నాయి.

దీంతో మనకేంటి? వైరస్‌లను చూడాలంటే ఇప్పటికీ ఎక్కువగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు. దాని ఖరీదు ఎక్కువ. పైగా మామూలుగా నమూనాను గాలిలేని చోట పెట్టాలి, కాబట్టి ప్రాణమున్నదాన్ని చూడటం కష్టం. పూసకు ఆ బాధ లేదు. 2013లో 75 నానోమీటర్ల అడినోవైరస్‌లను రంగు వేయకుండానే ఇలా చూశారు. అయితే తెల్లదోమ మోసుకొచ్చి మిరపరైతును ముంచే జెమిని వైరస్ పొడవు సుమారు 30 నానోమీటర్లే. పూసకు అదింకా అందని ద్రాక్షే! పైగా పూస కింద కనిపించేది సూదిమొనంత జాగా కూడా కాదు. మిగతాది చూడాలంటే పూసను జరుపుకుంటూ పోవాల్సిందే.

పిల్లలకు మాత్రం పూస ఎప్పుడో అందింది. అమెరికాలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం 2014లో పరిచయం చేసిన కాగితపు మైక్రోస్కోపు ‘ఫోల్డ్‌స్కోప్’లో ఉన్నదీ చిన్న గోళీ కటకమే. విడిభాగాల ఖర్చు ఒక డాలరు లోపే! వాడరేవు ఇసుకరేణువైనా, మిరపపువ్వులో దాక్కున్న తామరపురుగైనా దాంట్లో పెట్టి చూస్తే, లీవెన్‌హుక్‌కు ఆ రోజు నిద్ర ఎందుకు పట్టి ఉండదో తెలుస్తుంది.