గొంతు మారితే...

సంక్రాంతికి అరిసెలు వండే ఇంట్లో ఎన్ని రకాల తగాదాలు వస్తాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పాకం ముదిరిందని ఒకరూ, పిండి తడి ఆరిపోయిందని ఒకరూ, నువ్వులు ఎక్కువయ్యాయని ఒకరూ. 2025 సంక్రాంతికి మా ఇంట్లో వచ్చిన తగాదా మాత్రం వీటిలో ఏదీ కాదు. అమెరికాలో పాటల బ్యాండు ఒకటి గాయకుణ్ణి మార్చి కొత్త ఆల్బమ్ తెచ్చిందట. దాని మీద!

ఒకవైపు మా పెద్దాడు. 38 ఏళ్లు, ఇద్దరు పిల్లల తండ్రి, బెంగుళూరులో ఉద్యోగం. రెండోవైపు మా తమ్ముడి కూతురు, ఇంకా కాలేజీ చదువు. నేను మూకుడు దగ్గర, ఆ పిల్ల చెక్కలతో అరిసెల నూనె ఒత్తుతూ, వాడు గడప మీద కూర్చుని. "కొత్త పాటలు బాగున్నాయి బావా" అని ఆ పిల్ల అనడమే తప్పయిపోయింది. "నీకేం తెలుసే? నువ్వు పుట్టకముందు నుంచీ వింటున్నాన్నేను" అని వీడు. మాటా మాటా పెరిగి ఆ పిల్ల చెక్కలు పళ్లెంలో పడేసి లేచి వెళ్లిపోయింది. ఆ గొడవలో నాలుగు అరిసెలు నల్లబడ్డాయి.

"ఏమిట్రా, అంత కొంపలు మునిగిపోయాయా?" అన్నాను.

"నీకు తెలీదులే అమ్మా" అన్నాడు.

ఈ మాట పిల్లల నోట మీరూ వినే ఉంటారు. తెలీదు అన్నాక తెలుసుకోకుండా ఉండగలమా? పండగ వెళ్లాక మేనకోడలికి ఫోన్ చేసి, వంటింట్లో కూర్చుని, వివరాలన్నీ రాబట్టాను.

బ్యాండంటే పెళ్లిళ్లలో వాయించే మేళం కాదు. నలుగురైదుగురు కలిసి పాటలు తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, తామే వాయించి పాడే జట్టు. మన సినిమా పాటకి రాసేవారొకరు, కట్టేవారొకరు, పాడేవారొకరు. అక్కడ అంతా ఒకే సంసారం. అందుకని గాయకుడు మారడమంటే ఇంట్లో మనిషి మారినట్టే.

ఈ బ్యాండు పేరు లింకిన్ పార్క్. 1996లో కాలిఫోర్నియాలో కుర్రాళ్లు మొదలుపెట్టారు. అప్పటి పేరు జీరో. మొదట పాడినతను వెళ్లిపోతే, 1999లో అరిజోనా నుంచి చెస్టర్ బెన్నింగ్టన్ అనే 23 ఏళ్ల కుర్రాడొచ్చి చేరాడు. 2000లో వాళ్ల మొదటి ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' వచ్చింది. ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడుపోయింది. 2003లో రెండోది, 'మెటియోరా'. మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఈ రెండూ మోగని గది ఉండేది కాదని ఆ వయసు పిల్లలు ఎవర్నడిగినా చెబుతారు.

మా ఇంట్లోనూ మోగాయి. మావాడప్పుడు ఇంటర్. హాస్టల్లో ఉండి చదివేవాడు. సెలవులకి ఇంటికొస్తే గది తలుపేసుకుని అవే పాటలు. గాయకుడు కాసేపు మెల్లగా, జాలిగా పాడతాడు. ఉన్నట్టుండి గొంతు చించుకుని కేక పెడతాడు. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని నా బాధ. "ఆ అరుపులు ఆపరా బాబూ" అని తలుపు కొట్టేదాన్ని. గోడకి పోస్టరు అంటిస్తే, సున్నం పాడవుతుందని పీకించాను కూడా.

ఆ గాయకుడు 2017 జులై 20న తన ప్రాణం తనే తీసుకున్నాడు. 41 ఏళ్లు, ఆరుగురు పిల్లలు. చిన్నతనంలో తనకి జరిగిన అఘాయిత్యాల గురించీ, మత్తుమందుల వ్యసనం గురించీ దాచుకోకుండా చెప్పుకున్న మనిషట. మర్నాడు మావాడు ఆఫీసు వేళలో నాకు ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఆ టైములో చెయ్యడు. "ఏం లేదమ్మా, ఊరికే" అన్నాడు. వంకాయ కూర మాడుతోందని నేనే పెట్టేశాను.

ఆ తర్వాత ఏడేళ్లు బ్యాండు నుంచి కొత్త ఆల్బమ్ లేదు. 2024 సెప్టెంబర్ 5న, ఇదిగో మళ్లీ వస్తున్నామని ప్రకటించారు. డ్రమ్స్ వాయించే మనిషి కూడా కొత్తవాడు. పాత గాయకుడి స్థానంలో వచ్చింది ఎవరనుకున్నారు? ఒక అమ్మాయి! ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని, డెడ్ సారా అనే వేరే బ్యాండులో పాడుతున్నావిడ. అమ్మాయి అన్నాను గానీ మావాడి ఈడుదే. నవంబర్ 15న ఆల్బమ్ వచ్చింది. పేరు 'ఫ్రమ్ జీరో'. సున్నా నుంచి మళ్లీ మొదలు అనీ, మా పాత పేరు జీరో అనీ రెండర్థాలూ వచ్చేలా పెట్టుకున్నారు.

ఇక చూడండి. అభిమానుల్లో రెండు పక్షాలు అనడం కూడా తక్కువే. ఇది పాత లింకిన్ పార్కే, ఇన్నాళ్లకి ప్రాణం లేచొచ్చింది అని కొందరు. పాతవే తిప్పి తిప్పి వాయించారు, అదీ అన్నీ కలిపి అరగంట పైన రెండు నిమిషాలే అని కొందరు. కొత్త పాటలు పాడుకుంటే పాడుకోనీ, ఆయన పాటలు ఆవిడ పాడకూడదు అని ఇంకొందరు. పేరు మార్చుకుని పాడితే ఏం పోయింది అనేది మావాడి వాదన. ఆడగొంతు కాబట్టే నయం, అచ్చం ఆయనలా పాడే మగాణ్ణి తెచ్చి నిలబెట్టి ఉంటే అది మోసంలా ఉండేది అనేది మా మేనకోడలి వాదన. చెప్పొద్దూ, ఆ పిల్ల మాట నాకు నచ్చింది.

గొంతుతో సంబంధం లేని కోపం కూడా ఒకటుంది. అత్యాచారం కేసులో ఉన్న ఒక నటుడికి తోడుగా, కేసు మొదట్లో ఈ ఎమిలీ ఒకసారి కోర్టుకి వెళ్లింది. ఆ నటుడికి 2023లో పెద్ద శిక్షే పడింది. తను వెళ్లకుండా ఉండాల్సిందనీ, మనిషిని తప్పుగా అంచనా వేశాననీ 2024లో ఆమే ఒప్పుకుంది. అయినా కొందరికి అది సరిపోలేదు. వాళ్లని తప్పు పట్టలేను. ఆడదాని గొంతుతో పాడేవాళ్లు ఆడదాని పక్కన నిలబడలేదే అని బాధపడితే, అది పాట మీద విసుగుతో కొట్టిపారేసే మాట కాదు.

కానీ నన్ను పట్టుకున్నది ఇవేవీ కాదు. పోయిన కుర్రాడి తల్లి. బ్యాండు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నాకు చెబుతామన్నారు, చెప్పలేదు, మోసపోయినట్టుంది అని ఆవిడ పత్రికతో చెప్పుకుంది. ఆయన కొడుకు ఒకతను కూడా బాహాటంగానే తప్పు పట్టాడు. చట్టప్రకారం ఎవరి హక్కులు ఎవరివో నాకు తెలీదు. ఆ బ్యాండువాళ్లు కూడా స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాళ్లే. వాళ్ల బతుకుతెరువు వాళ్లకుండాలి. అయినా ఆవిడ చెప్పిందే నిజమైతే, ఒక్క ఫోన్ చెయ్యడానికి ఏమైంది? సంవత్సరీకం లోపల ఇంట్లో శుభకార్యం పెట్టుకుంటే మనం పెద్దవాళ్లని ఒకమాట అడగమూ?

ఇలా జరగడం వీళ్లతోనే మొదలు కాదు. ఏసీ డీసీ అనే బ్యాండు గాయకుడు 1980 ఫిబ్రవరిలో చనిపోతే, అదే ఏడు జులైకల్లా కొత్త గాయకుడితో 'బ్యాక్ ఇన్ బ్లాక్' తెచ్చేశారు. సంతాపంగా అట్ట మొత్తం నల్లగా వేశారు. ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటైంది. అదే క్వీన్ బ్యాండు చూడండి. మన పంచగనిలో బడికెళ్లిన పార్సీ పిల్లవాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో పోయాడు. వాళ్లు మరొకరితో ఆల్బమ్ తెచ్చింది 2008లో. అప్పుడు కూడా కొత్తాయన పేరు బ్యాండు పేరు పక్కన విడిగా వేశారు గానీ, ఆయన్ని ఇందులో కలిపేసుకోలేదు. ఎవరి పద్ధతి వాళ్లది.

మనకేమన్నా తక్కువా? 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు పోయిన రోజున మా నాన్నగారు అన్నం ముట్టలేదు. బాలసుబ్రహ్మణ్యం గారు అప్పటికే కొన్నేళ్లుగా పాడుతున్నారు. నాన్నగారికి ఆయన మీద కోపం ఏమీ లేదు. కానీ రేడియోలో ఆయన పాట రాగానే "కుర్రాడు బాగానే పాడతాడు గానీ..." అని, ఆ 'గానీ' దగ్గర ఆపేసి, కండువా దులుపుకుని వీధరుగు మీదికి వెళ్లిపోయేవారు. మాకు నవ్వొచ్చేది. 2020 సెప్టెంబర్ 25న బాలు గారు పోయారు. ఆ రోజు ఏడ్చింది ఎవరనుకున్నారు, నవ్విన మేమే. ఇప్పుడు టీవీలో ఎవరైనా కుర్రాడు ఆయన పాట పాడితే, నా నోటివెంట కూడా అదే 'గానీ' వస్తోంది.

ఇటు అభిమానుల బాధ సరే, అటు వచ్చిన మనిషి సంగతేమిటి? నాకు మా పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ రెండో సంబంధానికి వెళ్లింది. అడుగుపెట్టగానే ఎదురుగోడకి దండ వేసిన ఫోటో. ఇద్దరు పిల్లలు. "నేను నాకొచ్చినట్టు పప్పుచారు కాస్తే పిల్లలు తినలేదే. వాళ్లమ్మ ఎలా కాచేదో పక్కింటావిణ్ణి అడిగి తెలుసుకుని, అలాగే బెల్లంముక్క వేసి కాచాను. అప్పుడు తినకుండా ఏడ్చారు" అని చెప్పేది. ఆ ఫోటోకి రోజూ పూలు పెట్టేది కూడా పిన్నే. పెడితే నటన అన్నవాళ్లున్నారు, ఒకరోజు మర్చిపోతే చూశావా అన్నవాళ్లూ ఉన్నారు.

ఎమిలీది సరిగ్గా ఇదే ఇబ్బంది. పాత గాయకుడు 2007లో ఒక పాటలో 17 సెకన్లపాటు ఊపిరి తియ్యకుండా కేక పెట్టాడట, అభిమానులు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. కొత్త ఆల్బమ్‌లో ఒక పాటలో ఈవిడ కూడా దాదాపు అంత కేకా పెట్టింది. ఆయన్ని అనుకరిస్తోందని కొందరన్నారు. పెట్టకపోయుంటే, చేతకాదని అనేవాళ్లు.

నేనూ విన్నాను, నిజం. ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, మేనకోడలు పంపినవి వరసగా అన్నీ విన్నాను. కొన్ని నాకు తలనొప్పే. కానీ అందరికంటే ముందు బయటికొచ్చిన పాట, 'ది ఎంప్టీనెస్ మెషీన్', రెండుసార్లు విన్నాను. ఆ పాట మొదలుపెట్టేది ఆ అమ్మాయి కాదు. మొదటినుంచీ బ్యాండులో ఉన్న మైక్ షినోడా మొదలుపెడతాడు. ఒక చరణం, పల్లవి అతనే పాడతాడు. ఆ తర్వాత ఆవిడ గొంతు వస్తుంది. కొత్తకోడల్ని ఇంటి పెద్దకొడుకు ముందు నడిచి లోపలికి తీసుకొచ్చినట్టనిపించింది. పాటలు తెలిసినవాళ్లు దీన్నేమంటారో గానీ, నాకు అలా అనిపించింది. ఆవిడ గొంతులో జీర ఉంది, బలం ఉంది. ఎవరినో మరిపించాలన్న ఆత్రం లేదు.

ఇదంతా మావాడికి ఫోన్‌లో చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "అమ్మా, ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు రాత్రి స్టడీ అవర్ అయ్యాక దుప్పటి ముసుగులో వాక్‌మన్ పెట్టుకునేవాణ్ణి. మార్కులు తగ్గితే అందరి ముందూ నిలబెట్టేవాళ్లు. ఒకసారి రెండు రోజులు అన్నం తినలేదు. మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు. నేను అరవలేనిది ఆయన అరిచేవాడు. అంతే."

ఆ రెండేళ్లూ ప్రతి ఆదివారం వెళ్లి చూసొచ్చినదాన్ని నేనే. పులిహోర, జంతికలు పట్టుకెళ్లి, "బాగా చదువుతున్నావా నాన్నా" అని అడిగొచ్చినదాన్ని. గోడ మీద పోస్టరు పీకించినదాన్నీ నేనే. ఆ సున్నం మళ్లీ 2006లో ఎలాగూ వేయించాం.

"పోనీ ఆ అమ్మాయి పాట ఒక్కసారి విను" అనబోయి ఊరుకున్నాను. "ఆయన పాటల్లో నీకిష్టమైంది ఒకటి నాకు పంపించు" అన్నాను. పంపించాడు. 2017లో వచ్చిన 'వన్ మోర్ లైట్' అనే పాట. వాళ్ల రికార్డు కంపెనీలో పనిచేసిన ఒక స్నేహితురాలు క్యాన్సర్‌తో పోతే ఆమె కోసం కట్టుకున్నారట. అందులో కేకలు అసలు లేనే లేవు.

మొన్న ఆదివారం మేనకోడలు ఫోన్ చేసింది. బావ దానితో మళ్లీ మాట్లాడుతున్నాడట. ఆల్బమ్ విన్నాడో లేదో చెప్పలేదట, ఇదీ అడగలేదట. అరిసెలు మాత్రం ఇద్దరివీ అయిపోయాయి, మళ్లీ వండి పంపమంటున్నారు. ఈసారి పాకం నేను ఒక్కదాన్నే పట్టుకోవాలి, ఒత్తడానికి ఎవరూ లేరు.