మౌఖిక ప్రమాణము – వక్తృనామ నిర్దేశము

ఖమ్మం – భద్రాచలం అటవీ ప్రాంతపు కోయల, కొండరెడ్ల మౌఖిక సంప్రదాయాన్ని ఆశ్రయించిన పరిశోధన వ్యాసాలలో ‘ఒక కోయ వృద్ధుడు చెప్పిన ప్రకారం’ అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. అదే పుటలో ముద్రిత గ్రంథం నుండి గ్రహించిన స్వల్పవిషయానికైనను గ్రంథకర్త పేరు, ముద్రణ సంవత్సరం, పుటసంఖ్య పాదసూచికలో ఉంటాయి. అచ్చుపడిన అక్షరానికి ఒక న్యాయము, మనిషి నోటి మాటకు మరొక న్యాయము. ఈ భేదం శాస్త్రసమ్మతం కాదు.

న్యాయశాస్త్రం ఆప్తుని ఉపదేశాన్ని శబ్దప్రమాణంగా అంగీకరించినది. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని వాత్స్యాయనుడు భాష్యంలో స్పష్టపరచినాడు. ఆ మూడవ పదం నేడు గ్రాహ్యం కాకపోయినను అందలి సిద్ధాంతం గ్రాహ్యమే. ఆప్తత్వానికి ఆధారం ఎరుక, సత్యకథనము. జాతి గాని అక్షరాస్యత గాని కాదు. అయితే వక్త ఎవరో తెలిసినప్పుడే ఆప్తత్వాన్ని పరీక్షింప వీలగును. పేరు లేని వాక్యానికి ఆ పరీక్ష లేదు.

పూర్వగ్రంథాలలో ‘కేచిత్’, ‘అపరే’ అని పేర్లు లేకుండ మతాంతరాలను చెప్పలేదా అని కొందరు ఆక్షేపింపవచ్చును. చెప్పిన మాట నిజమే. కాని అచట ఆ మతం విద్వత్పరిషత్తుకు పరిచితం. వేరొకచోట వెదకి సరిచూచుకొనుటకు వీలుండెడిది. పైగా పాణిని అష్టాధ్యాయిలో శాకల్యుడు, గార్గ్యుడు, శాకటాయనుడు మొదలగు పదిమంది ఆచార్యులను పేరు పెట్టి స్మరించినాడు. అడవి పల్లెలోని వక్త విషయం వేరు. ఆయనే తాళపత్రము, ఆయనే ప్రతి. ఆ ప్రతి ఎచ్చటిదో చెప్పని పరిష్కర్తను పండితులు అంగీకరింతురా?

డోలు వాయిస్తూ కోయల వేల్పుగాథలను, వంశకథలను గానం చేసిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో ఆయన దివంగతులైనారు. ఆయన పేరుతో, తేదీతో నమోదైన కథనం నేటికిని ప్రమాణమే. ‘ఒక డోలి కళాకారుడు’ అని మాత్రమే వ్రాసినచోట ఆ మాటను ఆయనకు తిరిగి చేర్చుట ఇక ఎవరి తరమును కాదు. గాథ మిగిలినను గాథ చెప్పినవాడు మిగులడు. పట్టా మాత్రం పరిశోధకునికి దక్కును.

వక్త పేరు వలెనే ఊరి పేరు కూడ సమగ్రంగా ఉండవలెను. రామచంద్రయ్యగారి కూనవరం మణుగూరు మండలంలోనిది. శబరి గోదావరిలో కలిసేచోట ఉన్న కూనవరం వేరొకటి. ‘కూనవరం’ అని మాత్రమే వ్రాసిన పాదసూచిక పాఠకుని ఏ ఒడ్డునకు చేర్చును? చింతూరు ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరిలోను, పిదప 2014 వరకు ఖమ్మం జిల్లాలోను ఉండి, మరల తూర్పు గోదావరిలో కలిసి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. పోలవరం ముంపు కారణంగా కొన్ని పల్లెలు తమ స్థానమునే విడువవలసి వచ్చినది. కనుక సంభాషణ జరిగిన నాటి మండలం, జిల్లా తేదీతోసహా చెప్పనిచో ఆ స్థలనిర్దేశం కొన్నేండ్లకే నిరర్థకమగును.

పాశ్చాత్య పద్ధతులలోను ఏకాభిప్రాయం లేదు. ఎం.ఎల్.ఏ. పద్ధతి ముఖాముఖిని వక్త పేరుతోనే గ్రంథసూచిలో చేర్చును. ఏ.పి.ఏ. పద్ధతి పాఠకునికి లభింపని సంభాషణను సూచిలో చేర్చక వ్యాసపాఠంలోనే పేర్కొనును. అయినను దాని 2020 నాటి ఏడవ కూర్పు, ఆదివాసుల సంప్రదాయ జ్ఞానాన్ని ఉదాహరించునపుడు వక్త పూర్తి పేరు, జనసముదాయము, స్థలము, తేదీ చెప్పవలెనని విధించినది. ప్రాచ్యకళాశాలలు ఏ పద్ధతిని అనుసరించినను సిద్ధాంత గ్రంథాంతమున ‘వక్తల సూచి’ ప్రత్యేకముగా ఉండుట ఉచితము. వక్త ఆ కథను ఎవరివద్ద విన్నారు, కోయభాషలో చెప్పినారా తెలుగులోనా, నడుమ అనువదించినవారెవరు, ధ్వనిముద్రణ ఎచ్చట భద్రపరచబడినది అన్న అంశాలు అందులో చేరవలెను. వక్త మాటలు యథాతథమైనపుడే ఉద్ధరణ చిహ్నాలు వాడవలెను. సారాంశమైనచో సారాంశమని చెప్పవలెను. పరిశోధకుని గ్రాంథిక వాక్యాన్ని కోయ వృద్ధుని నోట పెట్టుట పాఠకల్పన యగును.

పేరు చెప్పరాని సందర్భాలును కలవు. పోడు భూమి తగవుల గూర్చి మాట్లాడినవానికి పేరు వెల్లడియగుట వలన హాని కలుగవచ్చును. అపుడు వక్త కోరికపై నామం గోప్యంగా ఉంచబడినదని వ్రాసి, అసలు వివరాలను భద్రముగా వేరుగా ఉంచవలెను. వక్త కోరిన గోప్యత ఆయన హక్కు. పరిశోధకుని అశ్రద్ధ వలన పేరు లోపించుట ఆ వక్తకు జరిగిన అన్యాయము. ఈ రెండింటిని ఒక్కటిగా చూడరాదు.

పర్యవేక్షకులు సంతకం చేయుటకు పూర్వం గ్రంథసూచిని ఎంత శ్రద్ధతో సరిచూతురో వక్తల సూచిని గూడ అంత శ్రద్ధతో సరిచూచుట కర్తవ్యము. పూర్వాచార్యుని పేరు విడిచిన విద్యార్థిని మందలించు గురువు, అడవిలోని ఆచార్యుని పేరు విడిచినవానిని ఉపేక్షింపరాదు.