అమానతుకు లెక్క ఉండాలి

వడ్డీ సొమ్ము ఇంట్లోకి రాకూడదని పట్టుదలగా ఉండే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. బ్యాంకులో వేస్తే వడ్డీ, ఇంట్లో ఉంచితే దొంగల భయం, ఊరికే పడి ఉంటే విలువ తరుగుదల. ఈ మూడింటి మధ్య నలిగే కుటుంబం ముందుకు ఎవరైనా వచ్చి, "మాది హలాల్ వ్యాపారం, నెలనెలా లాభం పంచుతాము" అంటే ఆశ కలగడం సహజం. అమ్మాయి నిఖాకు దాచినదీ, హజ్‌కు కూడబెట్టినదీ, గల్ఫ్‌లో చెమటోడ్చి పంపినదీ అలాగే చేతులు మారుతుంది.

తర్వాత ఏం జరిగిందో పాఠకులకు తెలుసు. 2018 అక్టోబరులో హీరా గ్రూపు వ్యవస్థాపకురాలిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ సంస్థ ముందు వేలాది మదుపుదారులు గుమిగూడారు. దాని అధిపతి దుబాయికి వెళ్ళిపోయి, జూలైలో ఢిల్లీలో పట్టుబడ్డాడు. నేరం ఎవరిదో, ఎంతో న్యాయస్థానాలు తేలుస్తాయి. మేము అడగదలచినది వేరొకటి. ఇటువంటి సంస్థకు సొమ్ము ఇచ్చే ముందు, అందులో యజమాని చేయి పట్టుకుని ఆపగలిగే మనిషి ఒక్కడైనా ఉన్నాడా అని మనలో ఎంతమంది విచారిస్తున్నాము?

మన ఫిఖ్హ్‌లో ముదారబా అనే పద్ధతి ఉంది. సొమ్ము ఒకరిది, శ్రమ మరొకరిది. లాభాన్ని ముందుగా ఒప్పుకున్న వంతుల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే సొమ్ముగలవాడే భరిస్తాడు. అయితే వ్యాపారి నిర్లక్ష్యం చేసినా, షరతు మీరినా ఆ నష్టం అతనిదే అవుతుంది. మరి నిర్లక్ష్యం జరిగిందని తెలిసేదెలా? సొమ్ము పుచ్చుకునేవాడు, దాచేవాడు, ఖర్చు చేసేవాడు, లెక్క రాసేవాడు, ఆ లెక్కను తనిఖీ చేసేవాడు అంతా ఒక్కడే అయితే షరీఅత్ ఇచ్చిన ఆ హక్కు కాగితం మీదనే మిగిలిపోతుంది.

అందుకే సంస్థ లోపలి నిబంధనలు ముఖ్యం. మన దేశంలో మ్యూచువల్ ఫండ్ల కోసం సెబీ 1996లో తెచ్చిన నిబంధనలు ఈ పనులను విడదీశాయి. సంస్థను స్థాపించినవారు ఒకరు, మదుపుదారుల తరఫున కాపలా ఉండే ట్రస్టీలు మరొకరు, పెట్టుబడులు నడిపే కంపెనీ వేరు, షేర్లూ పత్రాలూ భద్రపరిచే కస్టోడియన్ వేరు. ట్రస్టీలలో మూడింట రెండు వంతుల మందికి స్థాపకులతో సంబంధం ఉండరాదని, పెట్టుబడులు నడిపే కంపెనీ బోర్డులో కనీసం సగం మంది బయటివారు కావాలని ఆ నిబంధనలు నిర్దేశించాయి. మేనేజర్లు తమ జీతంలో కొంత భాగాన్ని తాము నడిపే పథకాల్లోనే ఉంచాలని 2021లో సెబీ ఆదేశించింది. ఇతరుల సొమ్ము మునిగితే తన సొమ్మూ మునుగుతుందని తెలిసినవాడు జాగ్రత్తగా ఉంటాడని దాని ఉద్దేశం. 2013 కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టరు తనకు ఏయే సంస్థల్లో వాటా ఉందో బోర్డుకు తెలియజేయాలి.

ఇవన్నీ ప్రభుత్వ చట్టాలు, మన దీన్‌కు వీటితో ఏమి సంబంధం అని కొందరు అనవచ్చు. జకాత్ వసూలుకు పంపిన ఇబ్నుల్ లుత్‌బియ్యా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని విడదీసి చూపినప్పుడు దైవప్రవక్త (స) అందరి ఎదుటా మందలించారు. ఆ పదవిలో లేకుండా తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. మేనేజరు తన హోదాను అడ్డుపెట్టుకుని సొంత లాభం చూసుకోరాదన్న నేటి నిబంధనకు ఇంతకంటే స్పష్టమైన మూలం ఏముంటుంది? హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను నియమించేటప్పుడు వారి ఆస్తిని రాయించేవారని చరిత్రకారులు చెబుతారు. ఖుర్ఆన్‌లోని అన్నిటికంటే పొడవైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, అప్పును రాసుకోవడం గురించీ, సాక్షుల గురించే ఉంది.

అయినా మనవారిలో ఒక మాట వినిపిస్తుంటుంది. "ఐదు పూటలా నమాజు చేసే మనిషిని లెక్కలు అడగడం బద్‌గుమానీ కాదా?" అని. తోటి ముస్లిం పట్ల మంచి అభిప్రాయం ఉంచుకోవడం మన ధర్మమే. కాని అమానతు లెక్క అడగడం అనుమానించడం కాదు. నిజాయితీపరుడు లెక్క చూపి తన పేరు కాపాడుకుంటాడు. లెక్క అడిగితే కోపగించుకునేవాడికి మన సొమ్ము అప్పగించనక్కరలేదు.

మదరసాల్లో చదివిన మా వంటివారి బాధ్యత మరీ పెద్దది. సంస్థల ప్రారంభోత్సవాల్లో ఉలమాను వేదిక మీద కూర్చోబెడతారు. వారి ఫొటో కరపత్రం మీద అచ్చవుతుంది. జనం ఆ ఫొటోను చూసి సొమ్ము తెస్తారు. బహ్రెయిన్‌లో 1991 నుంచి ఉన్న ఆయోఫీ అనే సంస్థ ఇస్లామీ ఆర్థిక సంస్థల షరీఅత్ బోర్డుల కోసం నియమాలు రాసింది. కనీసం ముగ్గురు సభ్యులుండాలని, కంపెనీ డైరెక్టర్లు గాని పెద్ద వాటాదారులు గాని అందులో ఉండరాదని అది చెప్పింది. లెక్కల పుస్తకం తెరిచి చూసే అధికారం లేని చోట ఏ ఆలిమ్ కూడా తన పేరు ఇవ్వరాదని మా అభిప్రాయం. వ్యాపారం హలాల్ అన్న ఫత్వా ఒకటి, సొమ్ము భద్రంగా ఉందన్న సాక్ష్యం మరొకటి. మొదటిది ఇచ్చి రెండవదిగా చెలామణి కానివ్వడం అన్యాయం.

కనుక సొమ్ము ఇచ్చే ముందు ప్రతి కుటుంబం కొన్ని ప్రశ్నలు వేయాలి. సంస్థ ఏ ప్రభుత్వ నియంత్రణ సంస్థ వద్ద నమోదైంది? బోర్డులో యజమాని బంధువులు కానివారు ఎందరు? సొమ్ము ఎవరి పేరున, ఏ ఖాతాలో ఉంటుంది? ఆడిటరు ఎవరు, ఆయన నివేదిక మన చేతికి వస్తుందా? మేనేజరు తన సొంత వ్యాపారానికి ఈ సొమ్ము వాడకుండా ఆపేది ఎవరు? నష్టం మాటే ఎత్తకుండా నెలనెలా ఇంత అని ఖాయంగా చెబుతుంటే అది ముదారబా ఎలా అవుతుంది?

వీటికి లిఖితపూర్వకమైన జవాబు రానిచోట ఎంత పెద్ద పేరున్నా, ఎంత ఇంపైన మాటలు వినిపించినా సొమ్ము ఇవ్వవద్దు. బిడ్డల కోసం దాచిన ఆ నాలుగు రూపాయలు మన చేతిలో కూడా అమానతే. ఎవరికి అప్పగించామో, ఏమి విచారించి అప్పగించామో రేపు అల్లాహ్ సన్నిధిలో మనమూ జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.